జార్ఫ్ అంటే

అక్క ఇల్లు, మధ్యాహ్నం. బల్ల మీద, చనిపోయిన బావ ఫోన్. దాన్ని తన కూతురి కోసం తీసుకెళ్దామని చెల్లెలు వచ్చి చాలాసేపయింది.

"అక్కా, గిన్నె అలా పడేస్తావేం? ఉలిక్కిపడ్డాను."

"పడెయ్యలేదు. పెట్టాను."

"ఫోన్ ఇస్తానన్నావుగా మరి. వచ్చి పట్టుకెళ్ళమని నువ్వే అన్నావు. పిల్లకి రేపు కాలేజీ మొదలు."

"ఇస్తాను. ఇవ్వనన్నానా?"

"అయితే ఇందులో ఉన్నవన్నీ తుడిచెయ్యనా? ఫొటోలు నీ ఫోన్లో వేసేశాను. ఇంకేమన్నా..."

"టీ తాగు. చల్లారిపోతోంది."

"ఎప్పుడో తాగేశాను. కప్పు ఖాళీగా ఉంది చూడు."

"ఓహో."

"అదిగో, మోగింది. బావకి ఇంకా ఎవరు మెసేజ్‌లు పెడుతున్నారు?"

"ఎవరూ లేరు. ఇలా ఇవ్వు."

"ఉండు. ఏదో ఆట. 'మీ వంతు' అంటోంది. అక్కా, పొద్దున కూడా ఎవరో ఆడారు. బావ పేరుతో."

"నేనే."

"నువ్వా?"

"కొన్ని అక్షరాలిస్తుంది. వాటితో ఇంగ్లీషు మాట కట్టి గళ్ళలో పెట్టాలి. ఒకసారి మనం, ఒకసారి అవతలివాళ్ళు. పెద్ద విద్యేం కాదు."

"అది కాదు నేనడిగేది. అవతల ఎవరు?"

"గడియారాల మేస్త్రిట. పాత గోడ గడియారాలు బాగుచేస్తాట్ట. ఏ ఊరో ఏమో. మీ బావ మొహం కూడా చూళ్ళేదు. ఏళ్ళ తరబడి ఇద్దరూ ఇలాగే ఆడుకున్నారు."

"బావ పోయినట్టు మేస్త్రికి తెలుసా?"

"స్టవ్ కట్టేశానంటావా?"

"కట్టేశావు. తెలుసా, తెలీదా?"

"తెలీదు."

"అక్కా!"

"కేకలెయ్యకు. మీ బావ పోయిన వారానికి మోగింది, 'మీ వంతు' అని. పక్కన పడేశాను. మర్నాడు మళ్ళీ మోగింది. ఎదుటి మనిషిని ఎందుకు కాయించడమని ఓ మాట పెట్టాను. మేస్త్రి ఇంకోటి పెట్టాడు. అలా."

"అలా చలికాలమంతానా?"

"ఎండలు కూడా వచ్చేశాయి కదూ. చూసుకోలేదు."

"ఇవన్నీ నిజంగా మాటలేనా? ఇదేమిటి, రెండే అక్షరాలు, 'ఏ', 'ఐ'?"

"చెట్లకి వేలాడే ఓ జంతువు. కాలికి మూడు వేళ్ళుంటాయి. ఒళ్ళు కదపదు."

"మా ఆయనలా. 'జాక్స్'?"

"ఇంటి కప్పుకి పరిచే రాతి పలకల్ని కోసే పనిముట్టు."

"'జార్ఫ్'?"

"పొద్దున నేను పెట్టింది. పిడి లేని కప్పులో వేడివేడిగా ఏదన్నా పోస్తే, చెయ్యి కాలకుండా కింద తొడుగుతారే, ఆ తొడుగు."

"ఏం చేసుకుంటావు వీటిని? కూరలవాడితో బేరమాడతావా?"

"వాళ్ళిద్దరికీ ఒక నియమముంది. వింతమాట వేస్తే దాని అర్థం కూడా రాసి పంపాలి. మీ బావ ఓసారి చెప్పారు. అందుకని ఒకటికి రెండు నిఘంటువులు చూసి పంపుతున్నాను. తప్పు రాస్తే ఆయన పరువే కదా పోయేది."

"బావ ఎలా రాసేవాడో చూడకపోయావా?"

"ఆట అయిపోతే అందులో రాసుకున్నవన్నీ పోతాయి. నేను మొదలెట్టింది కొత్త ఆట, అందులో ఏమీ లేవు. వరండాలో కూర్చుని రాసేవారు. రాసి ఒక్కరే నవ్వుకునేవారు."

"బావ నవ్వేవాడా? పెళ్ళి ఫొటోలో కూడా పన్ను పీకించుకోడానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు!"

"గెలిచారేమో అనుకునేదాన్ని. నాతో ఏముంది నవ్వడానికి. ఉప్పు సరిపోయిందా అంటే ఊఁ. చాల్లేదా అంటే ఊఁ. ఇంట్లో నేనొకదాన్ని ఉన్నట్టే తెలిసేది కాదు ఆ మనిషికి."

"అలా అనకు."

"అనడానికేముంది. అలవాటైపోయింది."

"మరి ఆ మనిషి కోసం ఇదంతా ఎందుకు?"

"ఏమో. 'మీ వంతు' అని మోగితే, వరండాలోనే ఉన్నారనిపిస్తుంది. అంతే."

"నీ ఫోన్లో ఆడుకోకూడదూ?"

"దాంట్లో నా పేరుతో మొదలవుతుంది. ఆయన వంతు రాదు."

"సరే, ఈ ఫోన్ నువ్వే ఉంచుకో. పిల్లకి ఇంకోటి చూస్తాం. కానీ మేస్త్రికి చెప్పెయ్. పాపం, బతికున్నవాడితో ఆడుతున్నాననుకుంటున్నాడు. ఇది మోసం అక్కా."

"చెబితే ఆపేస్తాడు."

"ఆపితే ఆపాడు."

"నీకేం, ఎన్నయినా అంటావు."

"నువ్వు చెప్పు, నేను రాస్తాను."

"అక్కర్లేదు. ఇటివ్వు."

"ఇదిగో. నిదానంగా రాయి."

"ఇంద. తప్పులున్నాయేమో చూడు."

"'మీతో ఆడే ఆయన చలికాలం మొదట్లో పోయారు. అప్పట్నుంచీ ఆడుతున్నది నేను, ఆయన భార్యని. క్షమించండి.' తప్పుల్లేవు. పంపు."

"నువ్వే నొక్కు."

"వెళ్ళింది. ఏడుపొస్తే ఏడవచ్చుగా అక్కా."

"రావటం లేదు. ఆ రోజూ రాలేదు. వచ్చినవాళ్ళంతా నా మొహంలోకే చూశారు. రాకపోతే ఏం చెయ్యను?"

"అదిగో, మోగింది."

"నువ్వు చదువు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో."

"నెత్తి మీదే ఉంది."

"చదవవే."

"'అమ్మా, నాకు తెలుసు. మీరు పంపిన మొదటి అర్థంతోనే తెలిసిపోయింది. మీవారు ఒక్కనాడూ అసలు అర్థం పంపలేదు. అన్నీ సొంతంగా కల్పించి నన్ను నవ్వించేవారు. నిఘంటువులో ఉన్నది ఉన్నట్టు వచ్చేసరికి, ఇక ఆయన లేరనుకున్నాను. మీరు ఆపేదాకా ఆడదామని ఊరుకున్నాను.'"

"కల్పించా? మీ బావా?"

"అలాగే రాశాడు."

"అంతేనా?"

"ఇంకా ఉంది. 'జార్ఫ్ ఆయన కూడా ఒకసారి వేశారు. ఆ అర్థం మాత్రం నేను మర్చిపోలేదు...' అక్కా, కూర్చో ముందు."

"నిలబడే వింటాను. ఏమని రాశారట?"

"'జార్ఫ్ అంటే, మా ఆవిడ కోపమొచ్చినా పైకి అనకుండా గిన్నె బల్ల మీద పెట్టే చప్పుడు. వరండాలోకి వినపడుతుంది. వినపడని రోజు నాకేమీ తోచదు.'"