మూత తియ్యి

తల్లి రేపు తిరుగు విమానం ఎక్కుతుంది. ఈలోగా ఆమె ఫొటో తీద్దామంటే, నాన్న స్టూడియో నాటి ఇత్తడి లెన్సు కొత్త షట్టర్‌కి ఎంతకీ బిగుసుకోక, అతను సిడ్నీ ఇంటి గరాజ్‌లో కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

“ఇంకా అవలేదేంట్రా?”

“మర పట్టట్లేదమ్మా. రింగు మళ్ళీ కోయించాలి. సాటర్‌డే ఆర్వో, అదే మధ్యాహ్నం దాటాక, ఎవడూ షాపు తెరవడు.”

“మీ నాన్నకి షట్టరెక్కడిది? మూత తీసి, ఒకటీ రెండూ అని లెక్కపెట్టి మూసేసేవారు.”

“అంతసేపు వద్దులే. షట్టరైతే రెప్పపాటులో అయిపోతుంది.”

“నేను కూర్చోలేననా?”

అతను రింగు మళ్ళీ తిప్పాడు. మళ్ళీ జారింది.

“నా తల వణుకుతుందనేగా నీ భయం?”

“మొహం అలుక్కుపోతుందమ్మా.”

“అలుక్కుపోనీ. మూత తియ్యి. వణకని నానమ్మని నీ పిల్లలెప్పుడు చూశార్రా?”