రఘుపతి తప్పును అతనికే ఉంచండి

అన్నలారా, అక్కలారా, ముందు వరుసలో కూర్చున్న సారవ్వా,

నీ కొడుకు గుండె ఆగి పదకొండు రోజులు. పందిట్లో చోటు చాలక రోడ్డు మీద నిలబడ్డవారూ ఉన్నారు. నాకు ముందు మాట్లాడిన ముగ్గురూ ఒకటే అన్నారు: "రఘుపతిది ఏ తప్పు లేదు, పెద్దోళ్లు బలిచేసిన్రు." ప్రేమతోనే అన్నారు. నేను ఒప్పుకోను.

కాలేజీలో అతనికి భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. ప్రయోగశాలలో నేను బిగించిన తీగలను కూడా విప్పి మళ్లీ బిగించేవాడు. కోప్పడితే, "మా నాయిన బొగ్గుబాయిల గట్లనే చేస్తడు మేడం" అన్నాడు. గనిలో దిగిన ప్రతి షిఫ్టూ పైకప్పు కూలేలా ఉందేమోనని కర్రతో తట్టి, చప్పుడు విన్నాకే పని మొదలుపెడుతుంది. పాత షిఫ్టు తట్టింది కదా అని ఎవరైనా ఊరుకుంటారా?

వచ్చేవాళ్లు మళ్లీ చూస్తారన్న ఆ నమ్మకమే అతన్ని ముంచింది. నాలుగేళ్ల కిందట, పైలట్ శిక్షణ సంస్థలో చిన్న విమానాలు బాగుచేస్తున్నప్పుడు, ఎడమ చక్రాన్ని మోసే కాలికి కొత్త బోల్టు వేశాడు. అది ఊడకుండా పెట్టాల్సిన పిన్ను పెట్టలేదు. డ్యూటీ దిగే వేళ. వచ్చే షిఫ్టు ఎలాగూ మళ్లీ చూస్తుందనుకుని, పని పూర్తయిందని సంతకం చేశాడు. వాళ్లు సంతకాన్నే చూశారు. మర్నాడు నేలను తాకగానే చక్రం ముడుచుకుపోయింది. ఒంటరిగా నడుపుతున్న శ్రావణ్య, పంతొమ్మిదేళ్ల పిల్ల, తుంటి విరిగి బతికింది.

విచారణలో ఏం రాయబోయారో తెలుసా? ఆ పిల్లే విమానాన్ని నేలకు బలంగా కొట్టిందని. రఘుపతి నోరు విప్పకుంటే చాలు. ముందురోజు నా దగ్గరకు వచ్చాడు. ఎవరికీ తల వంచలేదని చెప్పుకునే నేను ఏమన్నాను? "నిన్నెవరూ అడగలేదు కదా, ఊరుకో." అవును, నేనే అన్నాను. చాయ్ కప్పు కింద పెట్టి, "మీరు గిట్లంటరనుకోలేదు మేడం" అని వెళ్లిపోయాడు. మర్నాడు విచారణలో లేచి, "పిన్ను పెట్టనిది నేను" అన్నాడు.

ఉద్యోగం పోయింది, లైసెన్సు పోయింది. ఇక్కడే స్కూటర్లు బాగుచేశాడు. "చక్రం గట్టిగ బిగించినవా కాకా, ఎగిరిపోతదా?" అని మీలోనే కొందరు నవ్వలేదా? పానా వాళ్ల చేతికే ఇచ్చేవాడు: "నా మాట నమ్మకు, నువ్వు ఇంకోసారి చూసుకో."

అతని తప్పును ఇవాళ మీరు లాక్కుంటే, ఆ నింద తిరిగి ఎవరి మీద పడుతుంది? వెనక వరుసలో చేతికర్రతో కూర్చున్న ఆ పిల్ల మీద కాదా?

గని కార్మికులారా, పైకప్పును తట్టాక మీరు ఊపిరి బిగబట్టి వింటారు. అందరూ లేవండి, అలాగే నిలబడదాం. శ్రావణ్యా, నీ కర్రతో నేలను ఒక్కసారి తట్టమ్మా. ఆ తర్వాత ఎవరూ మాట్లాడవద్దు.