ఒక్క మ్యాచ్ ఆడని లిఫ్టర్ పోశెట్టి

కొత్తగ వచ్చిన పిలగాన్ని రేపు శుక్రారం మ్యాచ్‌ల లిఫ్టర్‌గ దించాల్నా, ఓ ఏడాది పక్కన కూసోవెట్టాల్నా అని నన్నడుగుతున్నవా రమేషూ? అడుగవలసినోన్నే అడిగినవ్. ఈ సౌదీ ఖఫ్జీ క్యాంపుల ఇరవై మూడేండ్ల సంది ఉన్నోన్ని నేనొక్కన్నే. ఫోర్‌మన్లు మారిండ్రు, కంపెనీ పేరు మారింది, గంగారాం మారలే. వాలీబాల్ల షాట్ కొట్టినోని పేరే అందరు చెప్పుకుంటరు గని, ఆ బాల్‌ను గాలిల కుండ వెట్టినట్టు వెట్టేది లిఫ్టరే. నేను లేపిన బాల్ కిందికి రావాల్నా వద్దా అని ఆలోచన చేసేది బిడ్డా. నవ్వకు. తొంభై ఒకటిల ఇరాకోల్లు ట్యాంకులేస్కొని ఈ ఊర్లకు వచ్చినప్పుడు మమ్ముల బస్సులెక్కించి దమ్మాం దిక్కు తోలిండ్రు. గాడ ఓ దినం ఆడుతుంటే నెత్తి మీదికెల్లి స్కడ్డు మిసైలు పోయింది. సైరను కొడ్తున్నది, అందరు గోడ పొంటి బోర్ల పండుకున్నరు, నేను బాల్ దిక్కే చూస్తున్న. సైరను బందయ్యేదాక లేపుకుంటనే ఉన్న, ఒక్కసారి కింద పడలే. ఏందీ, స్కడ్డులు రాత్రిపూటనే పడేవా? నీకెవలు చెప్పిండ్రు? నువ్వప్పుడు పలక పట్టుకొని బడికి పోతుంటివి.

నేను చెప్పేది పోశెట్టి ముచ్చట. మెట్‌పల్లి దిక్కోడు. యుద్ధం అయినంక మమ్ముల మల్ల ఈడికి తోలుకొచ్చిండ్రు గదా, ఎనుకనే కొత్తోల్లు దిగిండ్రు, ఆయిల్ ట్యాంకులకు రంగులేసేతందుకు. అండ్ల వచ్చిండు వాడు. సన్నగ, పొడుగ్గ, మాట తక్వ. అటు కువైట్ల బావులు మండుతుండె, పొగ ఈ దాక వచ్చేది. పగటీలి కార్లు లైట్లేస్కొని నడిచేవి. తెల్ల బాల్ రెండాటలు ఆడేసరికి పెనం అడుగు లెక్క నల్లగయ్యేది. గసువంటి పొగల వాడొక్కడే, డ్యూటీ దిగినంక, కంటేనరు గోడ మీద రంగుతోని ఓ సుక్క వెట్టుకొని, దాని మీదికి బాల్ లేపేటోడు. వందసార్లు లేపితే వందసార్లు ఆ సుక్కకే తాకేది. ఎట్ల తెలుసంటే, నేను కిటికీలకెల్లి లెక్కవెట్టిన. వాని ఏల్లకు బాల్ తాకితే సప్పుడు రాకపోయేది రమేషూ. ఈ అరబ్బు దేశంల గసువంటి చేతులు నేను రెండే చూసిన. ఒకటి వానియి. ఇంకొకటి ఎవలియో నేను చెప్పద్దు.

మరి ఆడిపియ్యలేదా అంటవ్. ఆగు, నాదొక రూలుండె. కొత్త లిఫ్టరు నెట్టు గుంజ పక్కన ఖాళీ పెయింటు డబ్బా బోర్లిచ్చుకొని కూసోవాలె. బాల్ నా చేతికి రాకముందే చెప్పాలె, ముందలికి పోతదా, ఎన్కకా, నడుమకా అని. ఏల్లతోని ఆడుటానికన్న ముందుగాల కండ్లతోని ఆడాలె. ఇరువై వరుసగ తప్పకుంట చెప్తే గ్రౌండ్లకు దిగుతడు. ఆ రూలు నేను ఊకెనే వెట్టలే. ఎనభై మూడుల నేను ఈడ దిగిన రెండో దినమే నన్ను మ్యాచ్‌ల దించిండ్రు. మొదటి బాలే ఎన్కకు తన్నుకపోయి మెస్సు కిటికీలకెల్లి పప్పు వండే గంజుల పడ్డది. రెండేండ్లు నన్ను పప్పు గంగారాం అన్నరు. ఉత్త గంగారాం అని పిలిచినోడు లేడు. గా రెండేండ్లు బాల్ నా దిక్కు వస్తే చేతులు వణుకుడే. మల్ల ఎవనికీ గా గతి పట్టద్దనుకున్న. అనుకున్ననా లేదా? అనుకున్న. గది నిజమే.

పోశెట్టి మూడు వారాలల్ల ఇరువై చెప్పిండు. నేను నలభై అన్న. నలభై చెప్పిండు. పొగల చెప్పుడు కాదురా, ఆకాశం తేటగున్నప్పుడు చెప్పాలె అన్న. తేటగున్నప్పుడు చెప్పిండు. అరవై అన్న. మస్తాన్ వలీ అని మనోడే, గుంటూరు దిక్కు ఎలక్ట్రీషియను, మా టీముల షాట్ కొట్టేటోడు, వాడు ఓ దినం నన్ను పక్కకు పిలిచి మెల్లగ అన్నడు, "గంగన్నా, కుర్రోడొచ్చింది రెండేళ్ల వీసా మీద. ఊళ్లో అయితే ఏడాది కూర్చోబెట్టినా చెల్లుద్ది. ఇక్కడ ఏడాదంటే వాడికి సగం ఆయుష్షయ్యా." చదువుకున్నోని లెక్క మాట్లాడకు వలీ అని తిట్టిన. తిట్టిన గని, ఆ మాట నా చెవులకెల్లి పోలే. అట్లని వాన్ని దించనూ లే. పోశెట్టి మాత్రం ఒక్కనాడు నోరు తెరిచి అడగలే. అడిగితే ఏం చేస్తుంటినో.

ఆ ఎండల్ల ఫైనలు పడ్డది. పాకిస్తానోల్ల క్యాంపుతోని, ఇస్మత్ ఖాన్ కెప్టెను, తాడంత మనిషి. పదకొండు వందల మంది చూస్తున్నరు. సరే, మూడు నాలుగు వందలు వేస్కో. మూడో సెట్టు, పదమూడు పదమూడు. ఇస్మత్ కొట్టిన షాట్ ఆపవోయిన, ఈ నడిమేలు ఎన్కకు ఇరిగినట్టయింది. చూడు, ఇప్పటికీ ఒంకరే. వలీ ఉర్కొచ్చి కుర్రోణ్ణి దించన్నా అన్నడు. నేను గుంజ దిక్కు చూసిన. పోశెట్టి డబ్బా మీదికెల్లి లేచి నిలవడ్డడు. షర్టు ఇప్పిండు, మడత వెట్టి డబ్బా మీద వెట్టిండు. నేను వలీ జేబులకెల్లి వైర్లకు సుట్టే నల్ల టేపు గుంజుకొని, ఏలుకు సుట్టుకొని, ఆడుండ్రి అన్న. ఓడిపోయినం. పొగ రమేషూ, బాల్ కనవడలే. ఆ దినం పొగ లేదని వలీ అంటడు. ఉన్నదో లేదో నాకు ఇప్పుడు మతికి లేదు. మడత వెట్టిన షర్టు మాత్రం మతికుంది. వాడు మల్ల తొడుక్కొని గుండీలు పెట్టుకున్నడు, పైకెల్లి కింది దాక, ఒక్కటీ ఇడవకుంట.

వాని మంచికే కూసోవెట్టిన్నా, నా జాగ పోతదని కూసోవెట్టిన్నా? నన్ను తిప్పలు వెట్టేది గిదే. ఒక దినం గట్ల అనిపిస్తది, ఒక దినం గిట్ల. ఆ ఆకరి పాయింట్లల్ల దించితే వాడు నాలెక్కనే చేతులు వణికి ఆగమవునో, లేకుంటే ఇస్మత్ ఖానే వచ్చి సలాం కొట్టునో, చూసినోడు లేడు, చెప్పేటోడు లేడు. చలికాలం దాక మల్ల మ్యాచే పడలే. గంతల ట్యాంకుల పని ఒడిసింది, కంపెనీ సగం మందికి ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలింది. ఆ లిస్టుల పోశెట్టి పేరు ఉన్నది, నాది లేదు. రెండేండ్లని వచ్చినోడు పది నెలలకే ఎల్లిపోయిండు. ఊర్ల కూడ గుంజ పక్కనే కూసునేటోడట. ఆడరాదే పోశన్నా అంటే, కండ్లకు అలవాటైంది, చేతులకు కాలేదని నవ్వేటోడట. నాలుగేండ్ల కింద కాలం జేసిండని కోరుట్లోడు ఒకడు చెప్పిండు. కాదు బొంబాయిల ఉన్నడని ఇంకొకడన్నడు. నాకైతే మొదటోడే నిజం చెప్పినట్టు కొడ్తది.

ఎగ్జిట్ దినం పొద్దుగాల, బస్సుల సామాన్లెక్కిస్తుండ్రు. పోశెట్టి బాల్ పట్టుకొని నా రూము ముందట నిలవడ్డడు. "అన్నా, ఒక్కటి లేపుత. కొడ్తవా?" అన్నడు. పోయిన. మంటలు ఆర్పి చాన దినాలైంది, ఆకాశం కడిగిన గిన్నె లెక్కున్నది. వాడు లేపిండు. బాల్ పైకి పోయి నిలవడ్డది రమేషూ, ఉత్తగ చెప్తలేను, నిలవడ్డది. నేను ఎగిరితే నా చెయ్యి ఏడికి అందుతదో సరీగ గాడ. పది నెల్లు వాడు కూసోని చూసింది నా చేతులనే గదా. ఎగిరి కొడితే అయిపోతుండె. నేను కొట్టలే. రెండు చేతులతోని పట్టుకున్న, పసిపిల్లను పట్టుకున్నట్టు. వాడు నా మొకం దిక్కు చూసి, "మంచిగున్నదా అన్నా?" అన్నడు. నేను ఏమన్ననో ఎర్కేనా? "ఇంకో ఆర్నెల్లు కూసుంటే మంచిగైతది" అన్న. బస్సు ఇంజను చాలు చేసి ఉన్నది. నోట్లకెల్లి గదే వచ్చింది. వాడు సరే అన్నా అని తలకాయ ఊపి, ఎక్కి...

నీల్ల ట్యాంకరు వచ్చినట్టున్నది. పో, పైపు పట్టు పో.