ఫెలిక్స్ సార్ బిళ్ళ

అమ్మలారా, అయ్యలారా, పిల్లలారా... ఇంతమంది వచ్చారు. నాలుగు మాటలు చెబుదామని మైకు ముందు నిలబడ్డాను. పదకొండేళ్లు స్టాఫ్‌రూములో నా పక్క కుర్చీ ఫెలిక్స్‌ది. గురువారం గుండె ఆగి పోయాడు. నలభై తొమ్మిదేళ్లకే పోవడమేమిటప్పా?

ఇందాక మెట్లెక్కుతుంటే ఇద్దరు నా చెయ్యి పట్టుకున్నారు. "ఆ బిళ్ళల సంగతి ఎత్తొద్దు సార్, మంచి మాటలు చెప్పండి" అన్నారు. అవి ఎత్తకుండా ఫెలిక్స్ గురించి ఏం చెప్పను?

మనసు జబ్బుకు డాక్టరిచ్చిన బిళ్ళ అది. ఒంటిగంట క్లాసులో అందరి ముందూ మింగేవాడు. వెనక బెంచీ నవ్వేది. గనిలోకి దిగేవాళ్ల లెక్కకు వెనకటికి ఇత్తడి బిళ్ళలిచ్చేవారు కదా, "మా నాయన బిళ్ళ లేకుండా ఏనాడూ గనిలోకి దిగలేదు, నేనూ అంతే" అనేవాడు. "పక్కకు పోయి వేసుకోవయ్యా, పరువు పోతాది" అన్నాను ఒకసారి. "దాచుకొని తాగేది సారాయి సార్, మందు కాదు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

మన కాలేజీలో చదివే బేతమంగళ ఊరి అర్పిత మీకు తెలుసు. తన పేరు చెప్పమని తనే అంది. అన్నం మాని, కాలేజీ మాని గోడవైపు తిరిగి పడుకుంటే, గాలి సోకిందని తాయెత్తు కట్టారు. ఫెలిక్స్ బస్సెక్కి వాళ్లింటికి పోయాడు. వాళ్ల నాయన పిల్లప్పది పట్టుపురుగుల సాగు. "పురుగు మేత ముట్టకపోతే ఆఫీసరు దగ్గరికి పరిగెత్తుతావు గదప్పా! పిల్ల ముద్ద ముట్టక ఎన్నాళ్లాయె?" అని అడిగాడట. మర్నాడే పిల్లప్ప కూతుర్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు.

ఇప్పుడు ఊరంతా ఒకటే మాట, ఆ బిళ్ళలే అతన్ని మింగాయని. కాదు, గుండె రక్తనాళం మూసుకుపోయిందని ఆస్పత్రి డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. ఎవరు వింటారు? ఫెలిక్స్‌ను చూసి మందు వేసుకుంటున్న ముగ్గురు పిల్లలు ఆ మాటకు బెదిరి మానేశారని నిన్న అర్పిత ఏడ్చింది. ఎవరి మీద కోప్పడాలి? ఊరి మీదా? నా మీదా?

నా మీదే. నాలుగేళ్లుగా నేనూ ఫెలిక్స్ పోయే ఆ మనసు డాక్టరు దగ్గరికే పోతున్నాను. బీపీ అని మీకు చెప్పాను. ఫెలిక్స్‌కూ అదే చెప్పాను. అతను కనిపెట్టాడో లేదో, ఇంగ ఎవర్ని అడగను? పుకారు విని మూడు రోజులుగా నేనూ మానేశాను. చదువు చెప్పేవాణ్ణి!

పొద్దున డాక్టరుకు ఫోన్ చేశాను, వేసుకోమన్నాడు. ఎవరైనా కాసిని నీళ్లివ్వండమ్మా. ఇదిగో, వేసుకుంటున్నాను. మందు మానేసిన పిల్లలూ, రేపు నాతో రండి, డాక్టర్నే అడుగుదాం.

అందరూ లేచి నిలబడండి. ఫెలిక్స్ కోసం రెండు నిమిషాలు మాట్లాడకుండా ఉందాం. రెండే.