మొదటి లైక్

స్విమ్మింగ్ పూల్ పక్కన తువ్వాళ్లు ఆరేసే గదిలో లైఫ్‌గార్డులిద్దరూ తలుపేసుకుని మాట్లాడుకుంటున్నారు. బయట ఒక పాప ఇంకా దగ్గుతోంది. ముందు గొంతు లేచింది పెద్దామెదే.

“పాప మునిగిపోతుంటే నీ కళ్లెక్కడున్నాయే?”

“ఊరికే ఒక్కసారి ఫోన్ చూశానక్కా.”

“ఊరికేనా? వాళ్ల అమ్మమ్మ ఒంటిమీద బట్టలతోనే దూకేసింది. నీ మెడలో ఈల మాత్రం మోగనేలేదు!”

“వెలుగు బాగుందని నీళ్ల ఫోటో పెట్టాను. ఎవరైనా చూశారేమోనని...”

“దాని ప్రాణం పోయుంటే? ఒకరు కళ్లు తిప్పినా రెండోవాళ్లు కనిపెడతారనే కదా మన కుర్చీలు ఎదురెదురుగా వేసింది!”

“అవును. మరి నువ్వెందుకు కనిపెట్టలేదు?”

“నా మీదికే వస్తున్నావా? నేను లోతు వైపు చూస్తున్నాను.”

“అబద్ధమక్కా. ఇదిగో, ఫోటో పెట్టీపెట్టగానే పడ్డ మొదటి లైక్ నీదే.”





“మెల్లిగా అనవే. పాప వాళ్ల అమ్మమ్మ తలుపు బయటే ఉంది.”

“ఇప్పుడేం చేద్దాం?”

“ఫోన్లు రెండూ ఆ అరలో పడేసి తాళం వెయ్యి.”

“తాళంచెవి నీ దగ్గరుంచుకుంటావా?”

“నా దగ్గరా వద్దు, నీ దగ్గరా వద్దు. ఆవిడ రోజూ వచ్చి గట్టుమీద కూర్చుంటుందిగా, ఆవిడ చేతికే ఇవ్వు.”

“ఎందుకని అడిగితే ఏం చెప్పను?”

“ముందు నా లైక్ సంగతి చెప్పు.”