ఎర్రదారం కట్టిన పెట్ట

“అమ్మమ్మా, కోళ్ళకి నెత్తురు పరీక్ష ఎలా చెయ్యాలో రేపు మా పశువైద్య కాలేజీలో నేర్పుతారట. నువ్వు కోళ్ళు పెంచేదానివిగా, అప్పట్లో ఇవన్నీ ఉండేవా?”

ఉండకేం, నీకంటే ముందే చూశాను నేను. తెల్ల పింగాణీ పలక, దాని మీద ఊదారంగు మందు చుక్క, రెక్క కింద నరం పొడిచి తీసిన నెత్తుటి చుక్క. రెండూ కలిపి పలకని అటూ ఇటూ ఊపుతారు. రోగం లేకపోతే అలాగే ఉంటుంది. ఉంటే విరిగిన పాలలాగా పలుకులు పలుకులుగా అవుద్ది. అంతేనా? చూశావా, గుర్తుంది. మర్చిపోదామనుకున్నవే గుర్తుంటాయి.

మన తిరువూరులోనే, ఈ ఇంట్లోనే. మీ అమ్మ ఇంకా పుట్టలేదు. ఎమర్జెన్సీ అంటారే, దానికి ముందటేడు... కాదు, ఇంకా ముందేనేమో. మీ తాత లారీ మీద బెజవాడ వెళ్తే మూడేసి రోజులు రాడు. నాకు కాలక్షేపమంతా కోళ్ళే. గుడ్డు పావలా అప్పుడు. ఇప్పుడు పావలా చూపిస్తే ముష్టివాడు కూడా నవ్వుతాడు, అది సరేలే. పశువులాసుపత్రి నుంచి ఒకాయన వచ్చాడు, సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. సీమ పుంజుల్ని ఇస్తాం, ముందు మీ కోళ్ళకి పరీక్ష చెయ్యాలన్నాడు. ఏడు కోళ్ళకి చేస్తే ఒక్కదానికే పలుకులు కట్టింది. ఏదనుకున్నావు? నా నల్ల పెట్ట. నిగనిగలాడేది. అన్నిట్లోకీ ఎక్కువ గుడ్లు పెట్టేది అదే.

దాని కాలికి ఎర్రదారం కట్టాడు. “పైకి కనపడదమ్మా. లోపలుంటుంది. గుడ్డులోంచి పిల్లకి పోతుంది, పిల్లలు తెల్లగా పారుకుని చచ్చిపోతాయి. దీని గుడ్లు పొదిగించకండి. రేపొచ్చి తీసుకెళ్తాను” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నా కోడికి రోగమా? రంగునీళ్ళు చూసి చెప్పేస్తాడా? ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో దారం విప్పేశాను. గుడ్లు మానేసిన ముసలి పెట్ట ఒకటుండేది, అదీ నలుపే, దాని కాలికి కట్టాను. మర్నాడు దాన్ని పట్టుకెళ్ళాడు. పాపం, థాంక్స్ కూడా చెప్పాడు. ఆయన్ని బురిడీ కొట్టించానని మీ తాతతో చెప్పి నవ్వాను కూడా.

పక్కింట్లో వెంకాయమ్మని ఉండేది. చిన్న వయసులోనే మొగుడు పోతే అన్నగారి పంచన చేరింది. అక్కడ వదిన పెట్టే ముద్దకంటే మాటలెక్కువ. నాలుగు కోడిపిల్లల్ని పెంచి అమ్ముకుంటే సబ్బుబిళ్ళకైనా ఒకళ్ళ ముందు చెయ్యి చాపక్కర్లేదని దాని ఆశ. కోడి పొదుగుకొచ్చింది గానీ గుడ్లన్నీ వదిన అప్పటికే వండేసింది. నన్నడిగితే పదకొండు ఇచ్చాను. అన్నీ నల్ల పెట్టవే. మంచివి ఏరి ఇచ్చాననుకున్నాను, అల్లా మీద ఒట్టు. పరీక్ష మాట మర్చిపోయానా అంటే మర్చిపోలేదు. నమ్మలేదు, అంతే.

పొదుగు పెట్టేటప్పుడు గుడ్లు ఎవరు పడితే వాళ్ళు పెట్టరు, తెలుసుగా. చెయ్యి మంచిదై ఉండాలంటారు. “నువ్వు పెట్టు కాశింబీ, నాది మంచి చెయ్యి కాదు” అంది. నేనే తిట్టాను. నీ కోడి, నీ బతుకు, నీ చేత్తోనే పెట్టమన్నాను. భయంభయంగా ఒక్కొక్కటే గంపలో పెట్టింది. ఇరవై ఒక్క రోజులకి తొమ్మిది పిల్లలయ్యాయి. ఎంత సంబరపడిందో. నాలుగో రోజు నుంచి రెక్కలు వేలాడేసి, ముడ్డికి సున్నం పూసినట్టు రెట్ట అంటుకుపోయి, ఒకదాని వెనకొకటి... పదిరోజుల్లో ఒక్కటి మిగల్లేదు. మొదటిదాన్ని చూడగానే నాకు తెలిసిపోయింది. ఆ సాయంత్రమే మసీదు సాయిబుగారితో నల్ల పెట్టని కోయించాను. కూర వండాను గానీ నేను ముట్టలేదు.

వాళ్ళ వదిన వాకిట్లో నిలబడి, “తాళి నిలవని చేతిలో కోడిపిల్లలు నిలుస్తాయా” అంది. వీధంతా విన్నది. నేనూ విన్నాను. వెంకాయమ్మ తన చేతులకేసి చూసుకుంది. నీ చెయ్యి కాదే, నా గుడ్లు, అనడానికి ఎంతసేపు? దారం సంగతి బయటపడితే పరువు పోద్దని నోరు మూసుకున్నాను.

తర్వాత ఎ.కొండూరులో ఎవరింట్లోనో వంటపనికి వెళ్ళిపోయింది. మీ అమ్మ పుట్టాక ఒకసారి బస్టాండులో కనపడింది. నెలల పిల్ల కదా, ముద్దుగా ఉందని చూస్తూ నిలబడిపోయింది. ఎత్తుకోమని అందించాను. చేతులు రెండూ కొంగులో దాచేసుకుంది. “వద్దులే కాశింబీ, నా చెయ్యి సంగతి నువ్వు చూశావుగా” అంది.

అప్పుడైనా చెప్పొచ్చుగా? ఇంతలో బస్సొచ్చింది. బస్సొచ్చిందనే చెప్పుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ బస్సు ఇంకో పది నిమిషాలు అక్కడే ఆగింది తల్లీ. ఇంక ఎవరికి చెప్పను, పోయిందిగా మనిషి.

చదువయ్యాక నువ్వూ ఊళ్ళలో పరీక్ష చేసి దారం కడతావు. కట్టి ఊరికే వచ్చెయ్యకు. ఆ ఇంటి ఆడమనిషి నాలాగా మొహం పెడితే, తిట్టినా సరే, కోడిని అప్పుడే చంకలో పెట్టుకుని వచ్చెయ్. నీది చల్లని చెయ్యి కావాలమ్మా. ఏదీ, ఆ ఫోను పక్కన పెట్టి చెయ్యి ఇలా ఇయ్యి... ఆ, కాసేపు ఉండనీ.