నూటికి నూరు

పరీక్షలకు ఇంకా ఇరవై రోజులున్నాయి. అప్పుడే ‘నూటికి నూరు ఉత్తీర్ణత’ అన్న బ్యానరు ప్రిన్సిపాల్ గదిలో గోడకు వేలాడుతోంది. పిల్లలను పాసు చేయించి ఉద్యోగం దాకా నడిపించడానికి బడిలో పెట్టిన మెంటరమ్మ హాజరు పట్టీ పట్టుకుని విసురుగా లోపలికి వచ్చింది.

“నా పిల్లల్లో ఆరుగురి పేర్లు కొట్టేశారేంటి సార్?”

“కొట్టెయ్యలేదమ్మా, వాళ్లే మానేశారు. కూర్చోండి, కాఫీ చెప్తాను.”

“మానేస్తే ఆ వెల్డింగ్ నేర్చుకునే పిల్ల గేటు దగ్గర ఎందుకేడుస్తోంది? వాచ్‌మన్ లోపలికి రానివ్వట్లేదట.”

“దానికి లెక్కలు రావు. అది తప్పితే ఆ బ్యానరు నేనేం చేసుకోను?”

“రోజూ కూర్చోబెట్టి చెప్తున్నాను, ఇప్పుడిప్పుడే దారిలో పడుతోంది. పాసైతే చాలు, పనిలోకి తీసుకుంటామని వర్క్‌షాపు వాళ్లు మాటిచ్చారు.”

“కడుపులో చల్ల కదలకుండా జీతం వస్తోంది కదా, మీకెందుకమ్మా ఈ గొడవ?”

“ఛీ! పిల్లల నోట్లో మట్టి కొట్టి ఆ మాటెలా అంటున్నారు? అసలు ఏ కాగితం చూసి తీసేశారు?”

“మెంటర్ సిఫార్సు చూసి.”

“ఎవరి సిఫార్సు?”

“మీదే. ‘చదువు సాగదు, ఇష్టపడే మానుకుంటున్నారు’ అని. ఇదిగో, సంతకం.”

సంతకం ఆమెదే. బడి తెరిచిన వారంలో, మాటిమాటికీ ఆఫీసుకు తిరగలేక, ఖాళీ సిఫార్సు ఫారాల కట్ట మీద తనే సంతకాలు గీకి గుమాస్తా చేతిలో పెట్టింది.

“మీరు సంతకం పెట్టినవి ఇంకా పద్నాలుగున్నాయి,” అంటూ ఆయన సొరుగు మూశాడు. “కాఫీలో చక్కెర వెయ్యమంటారా?”